విరేచనాలు ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటకుండా: రోజూ ఫినాయిలా, చేతులకి సబ్బా?

రాయగడ కోడలు:
పోయిన వారం మా చిన్నదానికి నీళ్ళ విరేచనాలు, రెండ్రోజులకి పెద్దోడికి, ఆ తర్వాత నాకు. ఇప్పుడు తగ్గాయి గానీ ఇంట్లో గొడవ మొదలైంది. మా ఆయనేమో రోజూ ఇల్లంతా ఫినాయిల్, బ్లీచింగ్ వేసి కడగాలంటారు. మా అత్తమ్మకి ఆ వాసనకే దగ్గొస్తాది, ముంగిట్లో పేడ కళ్ళాపి చల్లి లోపల పసుపునీళ్ళతో తుడిస్తే చాలంటారు. మధ్యలో నేను నలిగిపోతున్నా. మీ ఇళ్ళల్లో ఏటి చేస్తున్నారు?

గుణుపురం వదిన:
ఫినాయిల్ పడాల్సిందే అమ్మా. మా ఇంటి పక్కనే కాలవ, వానలకి ఆ నీళ్ళు గడప దాకా వస్తాయి, అందరూ అవే కాళ్ళతో లోపలికొస్తారు, పాకే పిల్లాడు ఆ నేల మీద చేతులు పెట్టి అవే నోట్లో పెట్టుకుంటాడు. నేలతో పనిలేదంటే ఎలా?

పర్లాకిమిడి సిస్టర్:
వదినగారూ, పాకే పిల్లలుంటే నేల ముఖ్యమే, కాదనను. కానీ వార్డులో తెలుగులోనూ ఒడియాలోనూ రోజూ తల్లులకి నేను చెప్పేది ఒకటే, ఈ జబ్బు ఎక్కువగా చేతుల మీంచీ నీళ్ళ మీంచీ నోటికి చేరుతుంది. పిల్లని కడిగిన చేత్తోనే బిందెలో గ్లాసు ముంచుతాం, అదే చేత్తో అన్నం కలుపుతాం. ఇల్లంతా ఫినాయిల్ వాసనొస్తున్నా ఆ గ్లాసు ముంచడం ఆగకపోతే లాభం లేదు. పిల్లని కడిగాక, దొడ్డికెళ్ళొచ్చాక, వండేముందు, తినేముందు సబ్బుతో ఇరవై సెకన్లు రుద్దాలి. కొన్ని విరేచనాల వైరస్‌లు శానిటైజర్‌కి సరిగ్గా చావవు, సబ్బూ నీళ్ళే కావాలి. 2022 జులైలో మన రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాక్‌లో కలరా వచ్చి ప్రాణాలు పోయాయి కదా, కలరా పాకేదీ నీళ్ళూ తిండీ ద్వారానే. బిందెకి మూత, ముంచడానికి పొడుగు కాడ గరిట, తాగే నీళ్ళు మరిగించుకోవడం, ముందు ఇవి చూడండి.

కాశీనగర్ తాత:
అమ్మా, డెబ్భై ఏళ్ళు వచ్చాయి నాకు, మా అమ్మ రోజూ కళ్ళాపి చల్లేది, ఇంట్లో అలికేది, మాకు ఏ రోగమూ రాలేదు. మందు డబ్బాలు అమ్ముకునేవాళ్ళ మాట విని పెద్దల పద్ధతి తప్పంటే బాధేస్తాది.

పర్లాకిమిడి సిస్టర్:
తాతగారూ, ముంగిట్లో కళ్ళాపికి దుమ్ము అణుగుతుంది, అది నేను తప్పనడం లేదండి. కానీ పేడలో కూడా విరేచనాలు తెప్పించే క్రిములుంటాయి, పిల్లలు పాకే గదిలో మాత్రం వద్దు. పసుపునీళ్ళు కూడా సబ్బు చేసే పని చెయ్యవు.

రాయగడ కోడలు:
మరి బ్లీచింగ్ అసలు వద్దా?

పర్లాకిమిడి సిస్టర్:
రోజూ ఇల్లంతా అక్కర్లేదు. ఇంట్లో జబ్బు ఉన్నన్నాళ్ళూ లెట్రిన్, కుళాయి, మగ్గు పిడి, తలుపు గొళ్ళెం, వాంతి పడిన చోటు, వీటికి వాడండి. ముందు సబ్బునీళ్ళతో మురికి కడగాలి, మురికి మీద పోస్తే బ్లీచ్ బలం అందులోనే పోతుంది. షాపులో దొరికే లిక్విడ్ బ్లీచ్ 5 శాతం ఉంటే లీటరు చన్నీళ్ళకి 20 మి.లీ., వాంతి, విరేచనం పడిన చోటికైతే లీటరుకి 100 మి.లీ. కలిపి, ఆ నీళ్ళు పోసి పది నిమిషాలు వదిలెయ్యాలి, పోసిన వెంటనే తుడిచేస్తే పని చెయ్యదు. ఏ రోజుది ఆరోజే కలపండి, తలుపులు తెరిచి పెట్టండి, అత్తమ్మగారిని అటు రానివ్వకండి. గట్టు తుడిచే గుడ్డని మరిగే నీళ్ళలో వేసి ఎండలో ఆరెయ్యండి, తడిగా ముద్దకట్టి ఉంచితే క్రిములు అందులోనే పెరుగుతాయి.

గుణుపురం వదిన:
ఒక్క మాట, బ్లీచింగూ బాత్రూం యాసిడూ కలపకండి. పోయిన ఏడు కలిపి పోశాను, పచ్చటి పొగ లేచి ఊపిరాడక బయటికి పరుగెత్తా, కళ్ళు మంటలు, రెండ్రోజులు దగ్గు. నాకెవరూ చెప్పలేదు, మీకైనా తెలియాలని.

పర్లాకిమిడి సిస్టర్:
అది క్లోరిన్ గ్యాస్ వదినా, ప్రాణాలే తీస్తుంది. ఫినాయిల్‌తో కూడా కలపొద్దు, ఏదైనా ఒకటే వాడి నీళ్ళతో కడిగెయ్యండి.

రాయగడ కోడలు:
అత్తమ్మకి ఇదంతా చదివి వినిపించా. కళ్ళాపి ముంగిటి వరకే ఉంచుతానన్నారు, బిందె దగ్గరికి పొడుగు గరిట ఆవిడే తెచ్చి పెట్టారు. బాత్రూంలో బ్లీచ్ పక్కనున్న యాసిడ్ సీసా నేను తీసేశా. మా ఆయన్ని ఒప్పించడమే మిగిలింది.

గుణుపురం వదిన:
కాలవ నీళ్ళొచ్చిన రోజు మాత్రం ఫినాయిల్ నేను వదలనమ్మా, సిస్టర్ ఏమన్నా సరే.