కార్పల్ టన్నెల్‌కి (మణికట్టు దగ్గర నరం నలగడం) ఇంజెక్షన్ అన్నారు, సీఆర్పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ అంటే వాపు ఉందేమో చూపే రక్త పరీక్ష) ఎక్కువుంది. ఆగాలా?

అమ్మకు 52 ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది. కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి, చిటికెన వేలికి ఏమీ లేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి చెయ్యి విదిలించుకుంటూ కూర్చుంటుంది. ఈ మధ్య పూస ఎక్కిస్తుంటే సూది వేళ్లలోంచి జారిపోతోంది. అది చూసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

నర్వ్ కండక్షన్ టెస్టులో కుడివైపు మోడరేట్, ఎడమవైపు మైల్డ్ అని వచ్చింది. రాత్రిళ్లు మణికట్టు వంగకుండా స్ప్లింట్ కడుతున్నాం, బి12 మాత్రలు వాడాం, పని సగానికి తగ్గించింది. ఎడమ చెయ్యి కాస్త నయం, కుడిది అలాగే ఉంది.

షుగర్, థైరాయిడ్ నార్మల్. రుమటాయిడ్ ఫ్యాక్టర్ (కీళ్లవాతం కోసం చేసే రక్త పరీక్ష) నెగెటివ్. కానీ ఇన్‌ఫ్లమేషన్ చూపే ఇంకో పరీక్ష ఈఎస్ఆర్ 38, సీఆర్పీ 11 (ల్యాబ్ రిపోర్టులో 5 లోపు ఉండాలని ఉంది). మళ్లీ చేయించినా సీఆర్పీ 10 వచ్చింది. జ్వరం, కీళ్ల వాపు, పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోవడం లాంటివి లేవు. బరువు మాత్రం ఎక్కువే.

ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా, బరువు ఎక్కువున్నా సీఆర్పీ పెరగొచ్చని, నరం ఎంత నలిగిందో చెప్పేది నర్వ్ టెస్టేనని చదివాను. ఆర్థోపెడిక్ డాక్టర్ మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేద్దామంటున్నారు. ఫ్యామిలీ డాక్టరేమో ముందు రుమటాలజిస్టుకు (కీళ్లవాతం డాక్టర్) చూపించమంటున్నారు. ఆలస్యమైతే బొటనవేలి కండ కరిగిపోతుందేమోనని నా భయం.

ఇలాంటి రిపోర్టులు వచ్చినవాళ్లు, ఈ వైద్యం తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి: సీఆర్పీ ఎందుకు పెరిగిందో తేలేదాకా ఇంజెక్షన్ ఆపాలా, లేక ముందు చేయించేయొచ్చా?