శరణార్థులు క్యాంపులో ముందు ప్రార్థన చోటే ఎందుకు కట్టుకుంటారు?

ప్రశ్న:
2017లో మయన్మార్ నుంచి ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు వచ్చిపడ్డారు కదా, అక్కడ అందరికీ సరైన గూడు కూడా లేకముందే వెదుళ్ళు, టార్పాలిన్లతో మసీదులు లేచాయి. వేరే మతాల శరణార్థులూ ఇలాగే చేస్తారని విన్నాను. తిండికీ మందులకీ కటకటగా ఉన్నచోట ఇదెందుకు? ఓదార్పు కోసమేనా?

జవాబు 1:
ఓదార్పే అయితే ఎవరి గుడారంలో వాళ్ళు దేవుణ్ణి తలుచుకుంటే సరిపోయేది. చనిపోయినవాళ్ళకు చేయాల్సినవి ఎవరు చేయిస్తారు, పెళ్ళి ఎవరి ముందు జరగాలి, తగువొస్తే ఎవరి మాట వినాలి, ఇవన్నీ ఊరితోపాటే పోతాయండి. నలుగురూ కూడే చోటు ఉంటే మళ్ళీ మొదలవుతాయి. టిబెటన్లనే చూడండి, 1959 తర్వాత భారత్‌కు వచ్చి సెరా, గాందెన్, ద్రెపుంగ్ లాంటి పెద్ద మఠాలనే కర్ణాటకలో తిరిగి నిలబెట్టుకున్నారు. అన్నట్టు, 1951 అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం నాలుగో అధికరణ మతాచరణలో శరణార్థులను కనీసం సొంత పౌరులతో సమానంగా చూడమంటోంది (భారత్, బంగ్లాదేశ్ అందులో చేరలేదు, అది వేరే సంగతి).

జవాబు 2:
నిజమే, కానీ అది సగమే. ఎవరు మనవాళ్ళో తేల్చే అధికారమూ మతం చేతికే వస్తుంది. 2014 ఆగస్టులో ఐసిస్ ఇరాక్‌లోని సింజార్ మీద పడి అక్కడి యాజిదీ అనే చిన్న మతానికి చెందిన వేలమంది ఆడవాళ్ళను, పిల్లలను ఎత్తుకుపోయింది. పరాయి మతస్థుల చేతిలో పడ్డవాళ్ళకు పాత ఆచారం ప్రకారం తిరిగొచ్చే దారి లేదు. అప్పటి మతపెద్ద బాబా షేక్ ఆ కట్టు సడలించి, తప్పించుకొచ్చిన వాళ్ళను ఇళ్ళల్లోకి తీసుకోమన్నాడు, యాజిదీల పుణ్యక్షేత్రమైన లాలిష్‌లో పుణ్యజలంతో శుద్ధి చేసి కలుపుకున్నారు. ఏ కౌన్సెలింగూ ఇవ్వలేని ధైర్యం ఆ ఒక్క నిర్ణయం ఇచ్చింది. బలాత్కారం వల్ల పుట్టిన బిడ్డలను మాత్రం 2019లో కూడా మతమండలి ఒప్పుకోలేదు. అంటే సొంతవాళ్ళ దగ్గరికి రావాలంటే బిడ్డను వదులుకోవాలి. ఇది నాకు అస్సలు మింగుడుపడదు.

ప్రశ్న అడిగినవారు:
బిడ్డల సంగతి నాకు తెలియదు, చదివాక మనసు పాడైపోయింది. ఇంకో అనుమానం, సాయం చేసే సంస్థల్లో చాలా మతసంస్థలున్నాయి కదా, అన్నం పెట్టి మతం మారమంటే?

జవాబు 3:
మతంతో ముడిపెట్టి సాయం చేయకూడదని రెడ్‌క్రాస్ ఉద్యమమూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి 1994లో నియమావళి రాసుకున్నాయి. కానీ రేషన్ క్యూలో నిలబడ్డ మనిషికి వద్దు అనే స్వేచ్ఛ ఎంతుంటుంది చెప్పండి? ఎవరూ అడగకపోయినా, ప్రార్థనకు వెళ్తేనే మంచిదేమో అని భయపడతాడు. అందుకే సాయం పంచే చోటూ ప్రార్థన చోటూ దూరదూరంగా ఉండాలి, ప్రార్థన చోటు నడిపే పని పూర్తిగా శరణార్థులకే వదిలేయాలి.