కత్తి–మాయ ఆటలో మంత్రగాడి వేషం ఆటగాడికి ఇవ్వాలా, వద్దా?

గంటస్తంభం_డీఎం (విజయనగరం):

ఆదివారం మా మేడ మీద గొడవైంది. చేతులు చేసుకునేంత కాదులెండి, పకోడీల పళ్లెం మాత్రం ఒరిగింది.

సంగతేటంటే, ఐదుగురం కలిసి మూడేళ్లుగా డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం, అంటే తలా ఒక వేషం కట్టి బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో కథ ఆడడం. పాత కథ అయిపోయింది, కొత్తది మొదలెట్టాలి. డీఎంని నేను. అంటే కథ నడిపేవాణ్ని. రాక్షసుల తరఫునా, రాజుల తరఫునా, సత్రంలో అప్పు పెట్టనని కసిరే ముసలమ్మ తరఫునా నేనే మాట్లాడాలి. ఈసారి ఒక షరతు పెట్టాను. అచ్చమైన కత్తి–మాయ కథ, అంటే కత్తి పట్టినవాడు మాయతో తలపడే కథ ఆడదాం, మీలో ఎవరూ మంత్రగాడు కావద్దు. కత్తి మీది, మాయ నాది. మా బావమరిది అప్పటికే విజార్డ్ షీటు, అంటే మంత్రగాడి వేషం వివరాల కాగితం రాసుకుని, దానికి ప్లాస్టిక్ తొడుగు కూడా వేయించుకుని వచ్చాడు. అక్కడ రాజుకుంది.

నా వాదన ఇది. లోకాన్ని కాపాడే కథలంటే నాకు మొహం మొత్తింది. కత్తి–మాయ కథల్లో పేరున్న వీరుడు కోనన్‌కి లోకంతో పని లేదు. ఈ పూటకి తిండి, జేబులో నాలుగు నాణేలు, మెడ మీద తల ఉంటే చాలు. 1932 డిసెంబరులో ‘వియర్డ్ టేల్స్’ అనే చవక కాగితం పత్రికలో అతను మొదటిసారి కనిపించాడు. రాసిన రాబర్ట్ హోవార్డ్ టెక్సస్‌లో ఒక చిన్న ఊళ్లో ఉండేవాడు, 30 ఏళ్లకే పోయాడు. ఆ కథల్లో మంత్రం అరుదు. కనబడిందంటే మాత్రం చదివేవాడికి వెన్నులో చలి పుట్టాలి.

ఇప్పటి ఆట చూడండి. 2014లో వచ్చిన ఆటగాళ్ల పుస్తకంలో 12 క్లాసులు, అంటే వేషాల రకాలు ఉంటే, అందులో 8 మంత్రాలేసేవే. మొదటి లెవెల్ విజార్డ్ ‘ఫైర్ బోల్ట్’ అనే నిప్పు మంత్రం నేర్చుకుంటే పొద్దుట్నుంచి రాత్రి దాకా లెక్క లేకుండా విసరొచ్చు. మతాబాకున్న మర్యాద కూడా లేదు దానికి. మతాబా అయితే ఒకసారి కాలిస్తే అయిపోతుంది. అదే 1978 నాటి పుస్తకంలో మంత్రగాడి ప్రాణానికి వేసేది నాలుగు ముఖాల పాచిక, మొదటి లెవెల్లో రోజుకి ఒకటే మంత్రం. పిల్లి గీరినా పోతాడు. అప్పుడు మంత్రానికి విలువుండేది.

మన జానపదం మాత్రం వేరేగా చెప్పిందా? ‘పాతాళభైరవి’లో హీరో తోటమాలి కొడుకు, విలన్ నేపాళ మాంత్రికుడు. బాలనాగమ్మ కథలో ఎత్తుకుపోయేవాడు మాయల ఫకీరు, వెతుక్కుంటూ వెళ్లేవాడు ఆమె కొడుకు. మనవాళ్లకి ఈ రూలు ఎప్పుడో తెలుసు.

ఏమంటారు?

పాచిక20 (శ్రీకాకుళం):

ఒప్పుకోను బ్రదర్. కోనన్ ఒక్కడేనా? ‘కత్తి–మాయ’ అన్న పేరు ఎలా పుట్టిందో చూడండి. ఈ రకం కథలకి ఒక పేరుండాలని 1961లో మైకేల్ మూర్కాక్ అనే రచయిత అడిగితే, ఇంకో రచయిత ఫ్రిట్జ్ లైబర్ చెప్పిన పేరు అది. ఆ మూర్కాక్ హీరో ఎవరు? ఎల్రిక్. రాజు, మంత్రగాడు, మందులు లేకపోతే నిలబడలేని రోగిష్ఠి. అతని కత్తి మనుషుల ఆత్మలు తాగి అతనికి బలమిస్తుంది. ఇక లైబర్ హీరోలు ఇద్దరిలో పొట్టివాడు గ్రే మౌజర్ కుర్రతనంలో ఒక మంత్రగాడి దగ్గర శిష్యరికం చేసినవాడే. పేరడిగినాయన హీరోకీ, పేరు పెట్టినాయన హీరోకీ మంత్రం వచ్చు గానీ, మీ మేడ మీద మాత్రం నిషేధం!

ఇంకోటి. తోటరాముడు పాతాళభైరవి బొమ్మ చేతికి రాగానే ఏం చేశాడు? అవతల పారేశాడా? మేడ అడిగాడు, సిరి అడిగాడు, రాజుగారి దగ్గరికి పిల్లనివ్వమని పోయాడు. సగం సినిమా మాయ హీరో చేతిలోనే ఉంది.

బొబ్బిలి_బొమ్మిడాయి:

మంత్రం వద్దు, ఏటీ వద్దు. నా వేషం కోడి రామ్మూర్తి నాయుడు గారు. వీరఘట్టంలో పుట్టినాయన, ఛాతీ ఉబ్బిస్తే ఇనప గొలుసు తెగేది, ఏనుగుని ఛాతీ మీద నిలబెట్టుకునేవాడు. ఇంకెందుకు మీకా కోనన్ పుట్టిన సిమ్మీరియా? మోటు వీరుడు బార్బేరియన్ మనూర్లోనే ఉన్నాడు.

(ఆయన శాకాహారి అని మా తాత చెప్పేవాడు. షీట్లో ఎక్కడ రాయాలో తెలీక ఒగ్గేసినాను.)

పాతరీలు (విజయనగరం):

బాబూ, నేను ఆట ఆడను. మనవడు ఆడతాడు, పక్కన కూర్చుని కాఫీ తాగుతాను. విఠలాచార్య సినిమాలు నేల టిక్కెట్లో చూసిన వయసు నాది, ఆ హక్కుతో రెండు ముక్కలు.

పాచిక20 గారు చెప్పింది నిజమే గానీ సగమే. బొమ్మ రాముడి దగ్గరుంది, సరే. ఎంతకాలం ఉంది? మాంత్రికుడు దాన్ని తిరిగి కాజేస్తే మేడ పోయింది, పిల్ల పోయింది. రాముడు మళ్లీ తోటమాలి కొడుకయ్యాడు, అక్కణ్నుంచి తెలివితోనూ ధైర్యంతోనూ నెగ్గాడు. జానపదంలో హీరో దగ్గర మాయ అద్దె ఇల్లు లాంటిది. ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలీదు.

మీ పుస్తకాల్లో నాకు నచ్చనిది ఒకటుంది. విలన్‌కి కూడా హిట్ పాయింట్లని ఒక అంకె. వంద కొడితే చచ్చాడు. ఏవిటది, చింతపండు తూచినట్టు? ఫకీరు ప్రాణం ఎక్కడుంది? ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. నువ్వు అతన్ని వెయ్యిసార్లు నరుకు, లేచి నవ్వుతాడు. చిలక ఎక్కడుందో కనుక్కోవాలి, దాన్ని పట్టాలి, ఆ చోటు ఎవరో ఒకరి నోట రావాలి. బాలనాగమ్మ ఫకీరుతో ప్రేమగా మాట్లాడి ఆ రహస్యం లాగుతుంది చూడండి, కథ మొత్తానికి అసలు యుద్ధం అదే. కత్తి తర్వాత వస్తుంది.

గంటస్తంభం_డీఎం:

మాస్టారూ, ఆ చిలక నాకు కావాలి. రాసేసుకున్నాను.

వంశధార_క్రిట్ (ఆమదాలవలస):

మధ్యేమార్గం ఉంది కదా. మంత్రం ఇవ్వండి, ఖరీదు పెట్టండి. 2012లో వచ్చిన ‘డన్జన్ క్రాల్ క్లాసిక్స్’ ఆటలో ప్రతి మంత్రానికీ ఇరవై ముఖాల పాచిక వేయాలి. 1 పడిందా, మంత్రం బెడిసికొడుతుంది. ఒంటి మీద చర్మం పొలుసులు కట్టడం లాంటి వికారాలు కూడా రావచ్చు. బలం చాలకపోతే ఒంట్లో సత్తువ కరిగించి మంత్రంలో పోయొచ్చు, తర్వాత రోజులకొద్దీ నీరసం.

లెక్క వేశాను. ఒక్కసారి వేస్తే 1 పడే అవకాశం 5 శాతమే. ఒక ఆదివారం పదిసార్లు మంత్రం వేస్తే కనీసం ఒకసారి 1 పడే అవకాశం దగ్గర దగ్గర 40 శాతం. మా మంత్రగాడు ఆర్నెల్లలో మనిషి పోలిక పోగొట్టుకున్నాడు. ఇప్పుడు వాడు నోరు తెరిస్తే మేమే బల్ల దగ్గర్నుంచి జరుగుతాం. మీరడిగే భయం అదే కదా? నిషేధంతో పని లేకుండానే వచ్చింది.

నాగావళి_ఒడ్డు:

చాలాసేపు రాయాలా వద్దా అనుకుని రాస్తున్నాను.

మీరందరూ మంత్రగాడికి భయపడడం ఎంత బాగుంటుందో మాట్లాడుతున్నారు. మా అమ్మమ్మ వాళ్లది పార్వతీపురం వైపు ఒక ఊరు, పేరు చెప్పను. అక్కడ ఆ భయానికి ఒక మాటుంది, మీకూ తెలుసు: చిల్లంగి, అంటే చేతబడి. ఊళ్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఫలానావాడు చిల్లంగి పెట్టాడంటారు. ఆ వీధిలో ఒక ముసలాయన పసరు మందులిచ్చేవాడు. కామెర్లకి, కురుపులకి. ఒక ఏడాది వానాకాలం జొరాలొచ్చి ఇద్దరు గుంటలు పోయారు. ఆయన ఇంటికెళ్లి రాయితో ముందు పళ్లన్నీ రాలగొట్టారు. పళ్లే ఎందుకో తెలుసా? నోరు తిరక్కపోతే మంత్రం పలకలేడని.

నేను చూసేసరికి ఆయన అన్నం గుజ్జు చేసుకుని తినేవాడు. పిల్లలం ఆయన మాట అనుకరించి నవ్వేవాళ్లం.

మా అబ్బాయీ మీ ఆటే ఆడతాడు. మొన్న వాడి పుస్తకం తిరగేస్తే ‘వెర్బల్ కాంపొనెంట్’ అని ఉంది. మంత్రం నోటితో పలకాలట, నోరు కట్టేస్తే పడదట. పుస్తకం మూసి బల్ల మీద పెట్టేశాను. మీ బల్ల మీద అది రూలు. ఆ వీధిలోనూ అదే రూలు.

పక్కనున్న ఒడిశాలో మంత్రగత్తె అని ముద్ర వేసి హింసించడాన్ని ఆపడానికి 2013లో ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు. అంత అవసరం పడింది. మంత్రగాడు ఎప్పుడూ విలనే, చంపితే పుణ్యమే అన్న కథని ఈ జిల్లాల్లో కూర్చుని ఆడేటప్పుడు మీకు ఏమీ అనిపించదా?

సోంపేట_సుత్తి:

అక్కా, బాధ అర్థమైంది. కానీ ఆటను ఆటలా చూడాలి. చదరంగంలో ఏనుగుని చంపితే అటవీ శాఖ వస్తుందా?

నాగావళి_ఒడ్డు:

చదరంగంలో ఏనుగుని చూసి ఎవరికీ రాత్రి నిద్ర పట్టకుండా పోదు బాబూ. మీ డీఎం గారు మొదటి పోస్టులోనే రాశారు, వెన్నులో చలి పుట్టాలని. అది పుట్టాలంటే ఆ భయం ఎక్కడో నిజంగా ఉండాలి. నేనది ఎక్కడుందో చెప్పాను.

వంశధార_క్రిట్:

మా వాడు మనిషి పోలిక పోగొట్టుకున్నాడని, బల్ల దగ్గర్నుంచి జరుగుతామని నవ్వుతూ రాశాను కదా. పైకెళ్లి మళ్లీ చదువుకున్నాను. ఇంకేం రాయాలో తోచడం లేదు.

గంటస్తంభం_డీఎం:

రెండు రోజులు జవాబు రాయలేదు. కోపమొచ్చి కాదు నాగావళి అప్పా, పాత పుస్తకం మళ్లీ తీశాను.

1933 మార్చిలో వచ్చిన కోనన్ కథ ఒకటుంది, ఏనుగు గోపురం కథ. నేను పదిసార్లు చదివుంటాను. కుర్ర దొంగ కోనన్ రత్నం కోసం యారా అనే మంత్రగాడి గోపురం ఎక్కుతాడు. పైన ఒక గదిలో ఏనుగు తల, మనిషి ఒళ్లు. ముందు విగ్రహమనుకుంటాడు, అది కదిలేసరికి భయంతో బిగుసుకుపోతాడు. (మనకైతే ఆ తల చూస్తే భయం బదులు ఉండ్రాళ్లు గుర్తొస్తాయి. మొదటిసారి చదివినప్పుడు నేను నవ్వాను.) తర్వాత చూస్తే దానికి కళ్లు లేవు, కాళ్లూ చేతులూ చితకగొట్టి ఉన్నాయి. యారాకి విద్య నేర్పింది అదే. నేర్చుకున్నాక వాడు గురువునే కట్టేసి హింసించాడు. కోనన్‌కి కన్నీళ్లు రావు గానీ జాలి పుడుతుంది, మనుషులందరి తరఫునా సిగ్గు పుడుతుంది. దొంగతనానికి వచ్చినవాడు ఆ పనొగ్గేసి దాని మాట వింటాడు.

నేను ఇన్నాళ్లూ ఆ కథని మంత్రగాడు విలన్ అన్నదానికి సాక్ష్యంగా చెప్పుకున్నాను. అందులో భయంకరంగా కనబడేది ఒకటి, భయపడాల్సింది ఇంకొకటి. వికారంగా ఉన్నవాడు బాధితుడు. ఊరంతా ఎవరి పేరు చెబితే వణికిందో, ఎవరికి గోపురం ఉందో, వాడు దుర్మార్గుడు. అప్పా, మీ ముసలాయనకి గోపురం లేదు. బుగతలూ లేరు వెనకాల.

కాబట్టి నా ఆటలో మార్పు ఇది. మాయ భయంకరమైనదే, అది వదులుకోను. ఫైర్ బోల్ట్ వాళ్లు నన్ను క్షమించాలి. కానీ దుష్ట మంత్రగాడు ప్రతిసారీ పైనుండేవాడే: కోట ఉన్నవాడు, భూమి ఉన్నవాడు, రాజు చెవి దగ్గర కూర్చునేవాడు. ఊరి చివర గుడిసెలో ఉన్నవాణ్ని మంత్రగాడని ఎవరైనా వేలెత్తి చూపిస్తే, ఆ రాత్రి రాక్షసుడు ఆ గుంపు. దానికి హిట్ పాయింట్లు పెట్టను. మాస్టారు చెప్పిన చిలక లాగే, దాన్ని నరికి ఆపలేరు. పుకారు ఎక్కడ పుట్టిందో కనుక్కోవాలి.

ఎల్రిక్ మీద మాత్రం పాచిక20 తో తగువు అలాగే ఉంది. అతను రాజు. కోట ఉన్నవాడే. నా లెక్కలో విలన్‌కి దగ్గర.

పాచిక20:

సొంత రాజ్యాన్ని తానే దండెత్తి నాశనం చేసినవాడికి కోట ఎక్కడిది? సాలిహుండం కొండ మీద కూర్చుని తేల్చుకుందాం, రండి. కింద వంశధార, పైన గాలి. పాచికలు ఎగిరిపోకుండా పళ్లెం తెస్తాను.

ప్లాస్టిక్_తొడుగు (విజయనగరం):

బావా, నేనే. నా గురించి ఇక్కడేం రాశావో చూద్దామని ఖాతా తెరిచాను.

నా విజార్డ్ షీటు చింపలేదు, మార్చాను. వయసు అరవై దాటింది. పసరు మందులు తెలుసు. పళ్లు లేవు, నోటితో పలికే మంత్రం ఒక్కటీ వేయలేడు. నేను లెక్కపెట్టాను, నా జాబితాలో దాదాపు ఏదీ మిగల్లేదు. ఊరి నుంచి వెళ్లగొట్టారు కాబట్టి మీ కత్తులవాళ్ల వెనక నడుస్తాడు. ఆడనిస్తావా, లేదా?

ఆ అక్కగారిని కూడా అడుగుతున్నాను. వద్దంటే మానేస్తాను.

నాగావళి_ఒడ్డు:

నవ్వించడానికి ఆడకపోతే ఆడండి. ఆయన మందు నిజంగా పనిచేసేది, కామెర్లకి చుట్టుపక్కల ఊళ్లనుంచి వచ్చేవారు. అది కూడా షీట్లో రాయండి.

గంటస్తంభం_డీఎం:

రాయరా. వైద్యానికి ఏ పాచిక వేయాలో ఆదివారం చూద్దాం. పకోడీలు ఈసారి నువ్వు తే.