ఆధార్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు: అమ్మ మైళ్ల ఖాతా ఎలా సరిచేయాలి?

అందరికీ నమస్కారం. మా అమ్మ ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర నాన్నగారి ఇంటిపేరు పూర్తిగా ఉంది. మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్లకు ఇదే పరిస్థితి.

హైదరాబాద్, విశాఖ మధ్య తిరిగేటప్పుడు ఆధార్ పేరుతోనే ఎయిర్‌లైన్‌లో ఫ్రీక్వెంట్ ఫ్లయర్ ఖాతా (విమాన ప్రయాణాలకు మైళ్లు అనే పాయింట్లు జమయ్యే ఖాతా) తెరిచాం. ఈమధ్య అమ్మ డాలస్‌లో అక్క దగ్గరికి వెళ్లొచ్చింది. విదేశీ ప్రయాణానికి టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి కదా, అలాగే తీసుకున్నాం. మైళ్లు మాత్రం పడలేదు. బోర్డింగ్ పాసులు జతచేసి అడిగితే పేరు కలవడం లేదన్నారు. అంత దూరం కూర్చుని వెళ్లిన మనిషికి ఆ మైళ్లు దక్కాలని నా పట్టుదల.

రెండో ఖాతా తెరవమని ఒకరు చెప్పారు. కానీ మనిషికి ఒకటే ఖాతా అని చాలా ఎయిర్‌లైన్ల నిబంధన. ఉన్న మైళ్లు కూడా పోతాయేమోనని టెన్షన్. దేశంలో తిరగడానికీ పాస్‌పోర్టు గుర్తింపుగా చెల్లుతుంది కాబట్టి, ఖాతానే ఆ పేరుకు మార్పించడం మేలనిపిస్తోంది.

ఇలా మార్పించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి, ఏ పత్రాలు అడిగారు? అమ్మానాన్నల పెళ్లి రిజిస్టర్ కాలేదు. పాస్‌పోర్టు చివరి పేజీలో భర్త పేరు ఉంది, అది చాలుతుందా, నోటరీ అఫిడవిట్ కావాలా? పాత మైళ్లు అడగడానికి గడువు ఉంటుంది కాబట్టి, పేరు మారేలోపు ఆ క్లెయిమ్‌ను ఎలా నిలిపి ఉంచుకోవాలి?