చవక రైఫిల్ తూటాలు వేటలో పనికొస్తాయా? వాడినోళ్లు చెప్పండి

తోతాపురి (బంగారుపాళెం):
అందరికీ నమస్తే. ఈ డిసెంబర్లో టెక్సాస్‌లో ఉన్న మా బావమరిది దగ్గరికి పోతున్నా. అక్కడ తెలిసినాయన రాంచ్‌లో అడవి పందుల బెడద ఎక్కువంట, వేటకు రమ్మన్నారు. రైఫిల్ .308 (అది తూటా సైజు). ముప్పై డాలర్ల లోపు దొరికే 20 తూటాల డబ్బా చాలని బావమరిది అంటాడు. రాంచ్ ఆసామి మాత్రం రెట్టింపు పెట్టి మంచివి కొనమంటున్నాడు. ఎవరి మాట వినాలి? పంది ఎంత మొండిదో నాకు తెలుసు. మా చెనక్కాయ చేన్లో ఒక్క రాత్రిలో అరెకరా తవ్వేసి పోయినాయి. అలాంటిది చవక తూటాకు పడుతుందా? ఇక్కడ కొట్టే మాట కాదు, చట్టం సంగతి తెలుసు, దాని మీద క్లాస్ వద్దు.

స్వర్ణముఖి (కాళహస్తి, ఇప్పుడు టెక్సాస్):
అన్నా, మీ బావమరిది చెప్పిందే కరెక్ట్. నేను ఇక్కడ కొట్టేది ఎక్కువగా పందులే. రెమింగ్టన్ కోర్-లాక్ట్, విన్చెస్టర్ పవర్-పాయింట్, ఫెడరల్ పవర్-షాక్, ఈ మూడింట్లో ఆ వారం ఏది తక్కువకు దొరికితే అది కొంటా. మూడూ ఒకే రకం. లోపల సీసం, పైన రాగి తొడుగు, మూతి దగ్గర సీసం బయటికి కనిపిస్తుంటుంది. తగలగానే ఆ మూతి విచ్చుకుంటుంది. కోర్-లాక్ట్ 1939 నుంచి ఉంది. పని చేయకపోతే ఇన్నేళ్లు ఎవరూ కొనేవాళ్లు కాదు.

ధర కంటే వేగం, దూరం చూసుకోవాలి. .308లో 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బులెట్ బరువు కొలిచే లెక్క) కోర్-లాక్ట్ నాళి దాటేటప్పుడు సెకనుకు 2820 అడుగుల వేగంతో పోతుంది. వంద, నూటయాభై గజాల్లో ఈ రకం తూటాకు అది సరిపోయే వేగం. అదే రకాన్ని మాగ్నమ్ (మందు ఎక్కువ, వేగం ఎక్కువ ఉండేది) రైఫిల్‌లో పెట్టి ఇరవై గజాల్లో ఎముక మీద కొడితే తొడుగు ఒక పక్క, సీసం ఒక పక్క పోతాయి. ఖరీదైన బులెట్లు ఆ బాధలోంచే పుట్టినాయి. జాన్ నోస్లర్ 1946లో కెనడాలో .300 మాగ్నమ్‌తో మూస్‌ను (పెద్ద దుప్పి లాంటి జంతువు) కొడితే, దాని ఒంటి మీద ఎండిన బురదకు తూటాలు పైపైనే చితికిపోయినాయి. ఆ తర్వాత ఆయన మధ్యలో రాగి గోడ ఉండే పార్టిషన్ బులెట్ తయారు చేసి 1948 నుంచి అమ్మాడు. పంది కూడా బురదలో పొర్లేదే కాబట్టి రాంచ్ ఆసామి భయం ఉత్తదేం కాదు. కానీ .308కి అంత వేగం లేదు.

ముదురు మగ పందికి భుజం మీద తోలు కింద ఒక గట్టి పొర ఉంటుంది. కత్తితో కోస్తుంటే టైరు కోసినట్టు ఉంటుంది. పోయిన చలికాలం అలాంటి పందికి అరవై గజాల్లో 150 గ్రెయిన్లది భుజానికే తగిలింది. అక్కడే కూలింది. కోసి చూస్తే తూటా అవతలి వైపు తోలు కింద ఆగి ఉంది. మూతి చిట్లి వెనక్కి ముడుచుకుంది, అడుగు భాగం మాత్రం చెక్కుచెదరలేదు. తూకం వేస్తే 96 గ్రెయిన్లు వచ్చింది. అంటే మూడో వంతుకు పైగా సీసం లోపలే రాలిపోయింది. యూట్యూబ్ వాళ్లు దీన్ని ఫెయిల్ అంటారు. పంది లేవలేదు కాబట్టి నాకు పాసే.

ఇంకొకటి. జింకకు గురిపెట్టినట్టు భుజం వెనక పెట్టొద్దు. పందికి గుండె, ఊపిరితిత్తులు ముందుకు, కిందకు ఉంటాయి. వెనక తగిలితే పేగుల్లో పడి పొదల్లోకి పారిపోతుంది. అప్పుడు అందరూ తూటాను తిడతారు.

కుప్పం కుర్రోడు:
ఇంకా చవగ్గా మిలిటరీ రకం ఫుల్ మెటల్ జాకెట్ (మూతి కూడా లోహపు తొడుగులోనే ఉండేది) దొరుకుతుంది కదా? అది గట్టిగా ఉంటుంది, లోపలికి కూడా బాగా దిగుతుంది.

పుంగనూరు గిత్త (ఇప్పుడు ఒహాయో):
దిగుతుంది తమ్ముడూ, దిగి అవతలికి పోతుంది. విచ్చుకోదు, సన్నటి రంధ్రం పెట్టి వెళ్లిపోతుంది. ఆ జంతువు మైలు నడిచి ఎక్కడో నరకం పడి చస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జింక మీద అది వాడటం నేరం కూడా. అది రేంజ్‌లో (గురి నేర్చుకునే చోట) కాగితం మీద కొట్టుకోవడానికే. ఒకప్పుడు రష్యా స్టీల్ కేస్ తూటాలు అన్నిటికంటే చవగ్గా వచ్చేవి. 2021 సెప్టెంబర్ నుంచి కొత్త దిగుమతి పర్మిట్లు ఆపేశారు, ఇప్పుడు ఆ ధరలు మర్చిపోవచ్చు.

తలకోన (ఇప్పుడు మెల్‌బోర్న్):
నా అనుభవం కణుజులతో. మన శేషాచలంలో కనిపిస్తే బండి ఆపి చూసే జంతువు. ఇక్కడ విక్టోరియాలో మాత్రం 1860ల్లో బయటి నుంచి తెచ్చి వదిలింది, లైసెన్స్ తీసుకుని కొట్టొచ్చు. రెండు వందల కిలోలు దాటేవి ఉంటాయి. అందుకే రూల్ కూడా గట్టిగా పెట్టారు. కణుజుకు .270 కంటే తక్కువ క్యాలిబర్ కుదరదు, బులెట్ 130 గ్రెయిన్లకు తగ్గకూడదు.

నాది .30-06. సెర్బియా వాళ్ల పీపీయూ, 180 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (పైన చెప్పినట్టు మూతి సీసం బయటికి ఉండేది) వాడతా. ఇక్కడ దొరికే చవకవాటిలో అదొకటి. బరువు ఎక్కువ, వేగం కాస్త తక్కువ కాబట్టి దగ్గర దూరంలో కూడా చిట్లిపోదు. పెద్ద జంతువుకు చవక తూటా వాడాలంటే బరువైనది తీసుకోవాలని నా అభిప్రాయం.

చవక వాటితో నాకు తలనొప్పి వచ్చింది జంతువు మీద కాదు, కాగితం మీద. ఒక బ్రాండ్ (పేరు వద్దులే) పాత డబ్బాతో స్కోప్ సెట్ చేసుకున్నా. తర్వాత అదే బ్రాండ్, అదే బరువు, అదే రంగు డబ్బా, లాట్ నంబర్ (ఏ విడతలో తయారైందో చెప్పేది) మాత్రం వేరు. వంద మీటర్లలో మూడు అంగుళాలు కిందికి తగులుతోంది. రేంజ్‌కి పోయి చూశాను కాబట్టి సరిపోయింది, నేరుగా కొండకు పోయి ఉంటే కాలు విరిగిన కణుజు వెంట చీకటి పడేదాకా తిరగాల్సి వచ్చేది. ఖరీదైన తూటాకు మనం కట్టే డబ్బులో సగం ఈ నిలకడకే అనిపిస్తుంది.

భాకరాపేట ఘాట్:
మా ఇంట్లో ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ ఉంది, లైసెన్స్‌ది. చవకా ఖరీదా అన్న ప్రశ్నే మనకు లేదు. ప్రభుత్వ ఫ్యాక్టరీ సాఫ్ట్ నోస్ ఏది దొరికితే అదే. ఎలక్షన్ వచ్చిందంటే తుపాకీ స్టేషన్‌లో డిపాజిట్, మిగతా రోజులు బీరువాలో. 1972 వన్యప్రాణి చట్టానికి ముందు మా తాతకు షికారు పర్మిట్ ఉండేది. అప్పట్లో డబుల్ బ్యారల్‌కి కాగితం తూటాలు. వానలో తడిస్తే ఉబ్బి నాళిలోకి దిగేవే కావంట. ఆయన చెప్పిన ఇంకో మాట మీకు ఇప్పటికీ పనికొస్తుంది. ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే వెంటనే బోల్ట్ (నాళి వెనక మూసే గడి) తెరవొద్దు. నాళి గురివైపే పెట్టి కనీసం అర నిమిషం ఆగండి. నిలవ సరుకు ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది.

అడ్మిన్:
తోతాపురి గారు వద్దన్నారు కాబట్టి క్లాస్ పీకను. చదివే వేరేవాళ్ల కోసం రెండు ముక్కలు. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత, అంటే 2023 ఏప్రిల్ 1 నుంచి, అడవి పంది రెండో షెడ్యూల్‌లో (రక్షణ ఉన్న జంతువుల జాబితా) ఉంది. పంట నాశనం చేస్తున్నా సెక్షన్ 11 కింద అటవీ అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా కొట్టకూడదు. కరెంటు తీగలు, నాటు బాంబుల మాట ఇక్కడ ఎవరూ ఎత్తొద్దు. పలమనేరు, కుప్పం పక్క ఆ తీగలకు ఏనుగులు కూడా చచ్చాయి.

కుప్పం కుర్రోడు:
సరే. ఆ మాంసం తింటారా? మూడో వంతు సీసం లోపలే రాలిపోయింది అన్నారు కదా అన్నా, నాకు అదే టెన్షన్.

స్వర్ణముఖి:
టెన్షన్ పడాల్సిందే తమ్ముడూ. చవక తూటాకు అసలు లోపం అదే, దాన్ని ఎవరూ డబ్బా మీద రాయరు. సీసం పొడి కంటికి కనిపించే గాయం కంటే చాలా దూరం పోతుంది. నేను కమిలిన మాంసం చుట్టూ బాగా వెడల్పుగా కోసి పారేస్తా, పిల్లలకు మాత్రం పెట్టను. కూర కోసమే వేట అయితే పూర్తి రాగి బులెట్ కొనడం మేలు, అక్కడ డబ్బుకు విలువ ఉంది. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసం తూటా పూర్తిగా నిషేధం. వదిలేసిన పేగులు తిని కాండోర్ రాబందులు చచ్చిపోతున్నాయని మొదలైన గొడవ అది.

తోతాపురి అన్నా, తూటా కంటే ముందు మీరు చూసుకోవాల్సింది ఒకటుంది. టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, ఆసామి ఒప్పుకుంటే, పందికి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు, 2019లో తీసేశారు. అది విని లైసెన్స్ లేకుండా వెళ్లొద్దు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే దానికి మినహాయింపు ఉంది. హెచ్-1బీ వాళ్లకూ ఇదే. పందికి అక్కర్లేకపోయినా మీ వీసాకు ఆ కాగితం కావాలి.

తోతాపురి:
అమ్మో, ఇది బావమరిదికి కూడా తెలిసినట్టు లేదు. ఇప్పుడే ఫోన్ చేస్తా. అయితే లైసెన్స్ తీసుకుంటా, ఒకే లాట్ నంబర్ ఉన్నవి రెండు డబ్బాలు కొనమంటా. 150 గ్రెయిన్లా, 180 గ్రెయిన్లా?

తలకోన:
పందికే అయితే 180. కానీ మీరు పట్టుకునే రైఫిల్ ఏ బరువు తూటాలను కాగితం మీద దగ్గరదగ్గరగా వేస్తుందో రేంజ్‌లో చూసి అదే ఉంచండి. ఒక డబ్బా అక్కడే అయిపోయినా పర్లేదు, చవక తూటా కొనేది అందుకే కదా.