అప్‌డేట్: కారులో ఏసీ వేస్తే టెంపరేచర్ ముల్లు పైకి పోవడం – కారణం దొరికింది

పోయిన నెల అడిగింది నేనే. అమలాపురం నుంచి రావులపాలెం వెళ్తూ ఏసీ వేసి నెమ్మదిగా నడిపితే చాలు, టెంపరేచర్ ముల్లు పైకి పోతోందని. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. "ముందు రేడియేటర్ (ఇంజిన్ వేడిని తగ్గించే జాలీ) చూపించండి" అన్నవారి మాటే నిజమైంది.

మెకానిక్ బంపర్ విప్పి చూపించాడు. ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య వరి పొట్టు, దుమ్ము, చచ్చిన పురుగులు కలిసి దుప్పటిలా అతుక్కుపోయాయి. మాసూళ్ల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం పక్కనుంచే కదా మన తిరుగుడంతా! బయటికి మాత్రం ఏమీ కనపడదు. పైగా కూలెంట్ (ఇంజిన్ చల్లబడటానికి రేడియేటర్‌లో పోసే ద్రవం) తుప్పు రంగులో ఉంది. అది నా నిర్వాకమే. రెండు సర్వీసులు ఎగ్గొట్టి, తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోశాను.

రేడియేటర్ రెక్కలు వంగకుండా తక్కువ ప్రెషర్‌తో లోపలి వైపు నుంచి కడిగి, పాత కూలెంట్ మొత్తం ఫ్లష్ చేసి, డిస్టిల్డ్ వాటర్ సగం, కూలెంట్ సగం కలిపి పోశాడు. థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను వదిలే వాల్వ్), ఫ్యాన్ బాగానే ఉన్నాయి. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ లోపలి సీల్) పోయిందేమోనని నేను పడ్డ టెన్షన్ దండగ.

నిన్న కొత్తపేట సెంటర్లో ట్రాఫిక్‌లో ఏసీతోనే అరగంట ఇరుక్కున్నాను. ముల్లు సగం దాటలేదు.