కన్వల్యూషన్ ఫంక్షన్‌లో విలువలు కరెక్టే, గ్రాఫ్ మాత్రం పక్కకి జరుగుతోంది, ఎవరైనా చూడండి ప్లీజ్

గుంటూరు నుంచి, ఈసీఈ థర్డ్ ఇయర్:
అందరికీ నమస్తే. డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) ల్యాబ్ కోసం ఇంట్లో ఆక్టేవ్‌లో (మాట్‌ల్యాబ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) సొంతంగా ఫంక్షన్లు రాస్తున్నా, కాలేజీలో మాత్రం మాట్‌ల్యాబ్. మూడు చోట్ల ఆగిపోయా. ఫైల్ తెరిచి రన్ నొక్కితే ఎక్స్ అన్‌డిఫైన్డ్ అంటోంది, ఎక్స్ ఏమో కమాండ్ విండోలో ముందే ఇచ్చా. రెండోది, [1 2 3] కి [1 1] తో కన్వల్యూషన్ (రెండు సిగ్నల్స్ కలిపి మూడోది తెచ్చే లెక్క) చేస్తే [1 3 5 3] సరిగ్గానే వస్తోంది గానీ నా సిగ్నల్ మైనస్ 1 దగ్గర మొదలవ్వాలి, స్టెమ్ ప్లాట్‌లో (పుల్లల్లా గీసే గ్రాఫ్) 1 నుంచి మొదలవుతోంది. మూడోది అసలు అంతుపట్టట్లేదు, డీఎఫ్‌టీకి (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) ఒక ఫంక్షన్, దాన్ని వెనక్కి తెచ్చే ఇన్వర్స్‌కి ఒక ఫంక్షన్ రాసి [1 2 3 4] ఇస్తే తిరిగి [1 4 3 2] వచ్చింది. సోమవారం ఇంటర్నల్ ఉంది, కాస్త చెప్పండి.

విజయవాడ నుంచి:
తమ్ముడూ, రన్ సంగతి చిన్నదే. ఫంక్షన్‌కి దాని వర్క్‌స్పేస్ దానికే ఉంటుంది, కమాండ్ విండోలో నువ్వు పెట్టుకున్న ఎక్స్ దానికి కనపడదు. రన్ నొక్కావంటే ఇన్‌పుట్ ఏమీ ఇవ్వకుండా పిలిచినట్టే. మాట్‌ల్యాబ్‌లో ఇదే పని చేస్తే నాట్ ఎనఫ్ ఇన్‌పుట్ ఆర్గ్యుమెంట్స్ అని వస్తుంది. కమాండ్ విండోలో ఫంక్షన్ పేరు రాసి బ్రాకెట్లో ఇన్‌పుట్స్ ఇచ్చి పిలువు. ఫైల్ పేరు, ఫంక్షన్ పేరు ఒకటే ఉండాలి, అదీ చూసుకో. ఇంకోటి, ఫైల్‌కి కన్వ్ అని మాత్రం పెట్టకు, ఆ పేరుతో రెడీమేడ్ ఫంక్షన్ ఉంది, నీది దాన్ని కప్పేస్తుంది, తర్వాత ఏది నడుస్తోందో నీకే తెలీదు. నాకన్వ్ అనో ఏదో పెట్టుకో. అనుమానం వస్తే విచ్ అని కొట్టి పేరు ఇస్తే ఏ ఫైల్ తీసుకుంటోందో చెప్తుంది.

రెండోది మాత్రం మనసు పెట్టి చదువు, అసలు విషయం ఇక్కడే ఉంది. ఆక్టేవ్‌లో గానీ మాట్‌ల్యాబ్‌లో గానీ వెక్టర్‌కి మొదటి స్థానం ఎప్పుడూ 1. సున్నా లేదు, మైనస్ అసలే లేదు. మన సిగ్నల్‌కేమో మైనస్ 1 దగ్గర ఒక విలువ, సున్నా దగ్గర ఒక విలువ ఉంటాయి. అంటే విలువలు ఒక్కటే ఇస్తే సిగ్నల్ సగమే ఇచ్చినట్టు, ఏ విలువ ఏ ఎన్ (స్థానం నంబరు) దగ్గరుందో చెప్పే ఇంకో వెక్టర్ కూడా దానితోపాటే వెళ్ళాలి, బయటికి వచ్చేటప్పుడు కూడా తోడే రావాలి. కాబట్టి నీ ఫంక్షన్ నాలుగు తీసుకోవాలి, ఎక్స్, దాని స్థానాలు ఎన్‌ఎక్స్, రెండో సిగ్నల్ హెచ్, దాని స్థానాలు ఎన్‌హెచ్. రెండు తిరిగి ఇవ్వాలి, ఫలితం వై, దాని స్థానాలు ఎన్‌వై. ఎన్‌వై మొదలు అంటే రెండిటి మొదళ్ళు కలిపితే వచ్చేది, చివర అంటే రెండిటి చివరలు కలిపితే వచ్చేది. నీ లెక్కలో హెచ్ సున్నా దగ్గర మొదలైతే మైనస్ 1 ప్లస్ 0, మైనస్ 1 నుంచి మొదలు, 1 ప్లస్ 1, 2 దగ్గర ఆఖరు. మొత్తం నాలుగు స్థానాలు, విలువలూ నాలుగే, ఎక్స్ పొడవు ప్లస్ హెచ్ పొడవు మైనస్ 1 సరిపోయింది. లూప్ కంటే ముందు వై ని జీరోస్‌తో ఆ పొడవుకి నింపుకో. లోపల ఎక్స్ స్థానాలకి కె, హెచ్ స్థానాలకి ఎం తిప్పుతూ ఆ రెండు విలువల గుణకారాన్ని వై లో కె ప్లస్ ఎం మైనస్ 1 స్థానానికి కలుపుకుంటూ పో, ఆ మైనస్ 1 కూడా స్థానాలు 1 నుంచి మొదలవ్వడం వల్లే. పిలిచేటప్పుడు ఎడమవైపు స్క్వేర్ బ్రాకెట్లో రెండు పేర్లూ రాయి, ఒక్కటే రాస్తే వై వస్తుంది, ఎన్‌వై పోతుంది. స్టెమ్‌కి ఎన్‌వై, వై రెండూ ఇవ్వు.

షిఫ్ట్ (సిగ్నల్‌ని జరపడం), ఫోల్డ్ (సిగ్నల్‌ని తిరగేయడం) ఫంక్షన్లు కూడా ఇలాగే రాసుకో. షిఫ్ట్‌లో విలువలు కదలవు, ఎన్ మారుతుంది అంతే. ఫోల్డ్‌లో విలువలకీ ఎన్‌కీ రెండిటికీ ఫ్లిప్ ఎల్ఆర్ (ఎడమ కుడి తిప్పేది) వేసి ఎన్‌కి మైనస్ పెట్టాలి, చాలామంది ఆ మైనస్ మర్చిపోతారు.

గుంటూరులో లెక్చరర్‌ని:
బాబూ, మూడోది నేను చెప్తాను. ఇన్వర్స్ ఫంక్షన్‌లో అడ్డం వెక్టర్‌ని నిలువు చెయ్యడానికి సింగిల్ కోట్ పెట్టి ఉంటావు. కాంప్లెక్స్ సంఖ్యల మీద ఆ కోట్ పెడితే అడ్డం నిలువు అవ్వడమే కాదు, ఇమాజినరీ పార్ట్ గుర్తు కూడా తిరగబడుతుంది. నీ సిగ్నల్ డీఎఫ్‌టీ 10, మైనస్ 2 ప్లస్ 2జె, మైనస్ 2, మైనస్ 2 మైనస్ 2జె. కాంజుగేట్ అయితే రెండోది, నాలుగోది తారుమారు అవుతాయి, అందుకే మొదటి విలువ అక్కడే ఉండి మిగతావి వెనక్కి తిరిగాయి. కోట్ ముందు చుక్క పెట్టు, .' అని, సరిపోతుంది. రియల్ సంఖ్యల్లో ఈ తేడా కనపడదు కాబట్టి పిల్లలకి ఎంతకీ దొరకదు.

ఇంకొకరు:
సైల్యాబ్ (ఇలాంటిదే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళకి ఒక మాట. అక్కడ జీరోస్(5) అంటే ఒక్క సున్నానే వస్తుంది, జీరోస్(1,5) అనే రాయాలి. ఫంక్షన్ ఫైల్‌ని ముందు ఎగ్జెక్‌తో లోడ్ చేసుకోవాలి. ఐఐటీ బాంబే వాళ్ళ ఫాసీ ప్రాజెక్టులో పాఠ్యపుస్తకాల లెక్కలకి సైల్యాబ్ కోడ్ ఉచితంగా దొరుకుతుంది, చూడండి.

గుంటూరు నుంచి, ఈసీఈ థర్డ్ ఇయర్:
సార్, చుక్క పెట్టగానే [1 2 3 4] వచ్చింది, చాలా థ్యాంక్స్ సార్. అన్నా, గ్రాఫ్ కూడా మైనస్ 1 నుంచే మొదలైంది. వేరే సిగ్నల్స్‌కి కరెక్టో కాదో ఎలా తెలుసుకోవాలి? లూప్‌లో ప్లస్ ఈక్వల్ టు వాడా, పర్లేదా?

విజయవాడ నుంచి:
హెచ్‌కి ఒకే ఒక్క 1 ఇచ్చి ఎన్‌హెచ్ 3 అని పెట్టు. విలువలు మారకుండా 2 నుంచి 4 దాకా జరగాలి. తర్వాత పొడవులు వేరేగా ఉన్న సిగ్నల్స్ ఇచ్చి రెడీమేడ్ కన్వ్ విలువలతో పోల్చు, తేడా సున్నా రావాలి. ప్లస్ ఈక్వల్ టు ఆక్టేవ్‌లో నడుస్తుంది, మాట్‌ల్యాబ్‌లో నడవదు, ఎర్రర్ ఇస్తుంది. పూర్తిగా వై ఈక్వల్ టు వై ప్లస్ అని రాసుకో. చివర ఎండ్‌ఫంక్షన్ అని ఉంటే తీసేసి ఎండ్ అని పెట్టు, కామెంట్లకి హ్యాష్ కాకుండా పర్సెంట్ గుర్తు వాడు. సోమవారం లోపు ఈ మూడూ మార్చేసుకో తమ్ముడూ.